‘వృథా’ అని రాసిన గడి

1986 జనవరి 21, మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. కట్టంగూర్ నుంచి నాలుగు మైళ్ళు లోపలికి ఉన్న ఒక ఊళ్ళో, పశువులు మేతకు పోయే దారి మీద, ఒక చేతిలో తూకం కాటా, ఇంకో చేతిలో ఇనుప తట్టతో నడుస్తున్నాను. ముందు పోతున్న బర్రె పేడ వేసింది. ఎత్తుదామని వంగాను. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఇడువు. గది నాది."

చూస్తే, యాభై దాటిన మనిషి. చంకలో గంప, కొంగు నడుముకు బిగించి ఉంది.

"బర్రె మీదా?" అన్నాను.

"బర్రె యాదగిరిది. పెండ నాది. రాయి కనవడ్తలేదా?"

అప్పుడు చూశాను. ఇంకా ఆవిరి వస్తున్న పేడ మీద చింతగింజంత గులకరాయి ఒకటి ఉంది.

"బర్రె తోక ఎత్తంగనే ఉరికొచ్చి పెట్టిన. సదువుకున్నదానివి, గా కాటల ముల్లు కనవడ్తది గని రాయి కనవడదా నీకు?" అని, ఆ పేడను గంపకెత్తుకుని, రాయిని తుడిచి మళ్ళీ కొంగులో ముడివేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నా పుస్తకంలో ఇలా రాసుకున్నాను: "7.10. దారి పేడ తూయడానికి ఒక స్త్రీ అడ్డు చెప్పింది. బరువు తీసుకోలేదు." టైము సరిగ్గా రాశాను. అసలు జరిగినదాన్ని మాత్రం రాయలేదు.

ఏం పని అది

అప్పటికి నాకు ముప్ఫై ఆరేళ్ళు. నల్గొండలో ఒక స్వచ్ఛంద సంస్థలో, గోబర్ గ్యాస్ విభాగంలో పనిచేసేదాన్ని. 1984 నుంచి 1998 వరకు పద్నాలుగేళ్ళు చేశాను. మొదటి ఐదేళ్ళు నల్గొండ వైపు, తర్వాత మహబూబ్‌నగర్ వైపు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. వాతావరణ న్యాయం అంటారు, ప్రజల చేతుల్లో ఇంధనం అంటారు. మంచి మాటలే. మాకు అప్పుడు ఆ మాటలు లేవు. పొగ ఉండేది. వంట చేసే ఆడవాళ్ళ పక్కన పది నిమిషాలు కూర్చుంటే కళ్ళు కారేవి. కట్టెల కోసం గుట్టకు పోయివచ్చే ఇద్దరి వెంట గడియారం పెట్టుకుని నడిచాను. ఒకామెకు మూడు గంటల ఐదు నిమిషాలు పట్టింది, రెండో ఆమెకు మూడు గంటల నలభై. గుట్ట మీద చెట్టు తగ్గుతున్నకొద్దీ ఈ లెక్క పెరిగేది.

గోబర్ గ్యాస్ తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. పేడ ఎంతో, నీళ్ళు అంతే. రెండూ తొట్టిలో కలిపి పెద్ద గుంతలోకి వదలాలి. గుంత మీద ఇనుప డ్రమ్ము బోర్లించి ఉంటుంది. లోపల పేడ మురిగి గ్యాసు పుడితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది. డ్రమ్ము నుంచి ఇళ్ళకు గొట్టాలు వేస్తే పొయ్యి మీద నీలం మంట వస్తుంది. ఇంటికొక చిన్న గుంత కట్టించడం చాలాచోట్ల జరిగింది. ఊరంతటికీ కలిపి ఒకటి కట్టి, ఊరివాళ్ళ కమిటీకే అప్పగించడం మా విభాగం చేయబోయిన కొత్త పని. ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు.

నా లెక్క

ఆ ఊళ్ళో ఇళ్ళు ముప్ఫై ఒకటి. పశువులున్న ఇళ్ళు పందొమ్మిది, లేనివి పన్నెండు. పశువులు నూట ఇరవై నాలుగు. కొట్టంలో కట్టేసి ఉన్నప్పుడు ఒక్కోటి వేసే పేడ, పదకొండు రోజుల సగటున, ఆరు కిలోలు. మొత్తం 744 కిలోలు. ఇవి పగలంతా మేతకు తిరిగే పశువులు. దారిలోనూ బీడులోనూ పడేది వేరుగా అంచనా వేశాను. రోజుకు 210 కిలోలు.

మా ఫారంలో పేడకు మూడు గడులు ఉండేవి: కొట్టం పేడ, ఎరువుకు పోయేది, వృథా. దారి మీద పడేదాన్ని ఏ గడిలో వేయాలి? అది ఎవరి కొట్టంలోనూ లేదు, ఎవరి పెంటకుప్పకూ పోవడం లేదు. 'వృథా' గడిలో 210 అని రాశాను.

మీరు చదవబోయేదంతా ఆ గడి నుంచి వచ్చిందే.

744, 210 కలిపితే 954. పేడ ఇచ్చే పందొమ్మిది ఇళ్ళకు, రెండు పూటల వంటకూ స్నానాల నీళ్ళకూ కలిపి, ఇంటికి నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాల మంట ఇవ్వాలంటే కావలసిన పేడ 950 కిలోలు. నాలుగు కిలోలు మిగులు. అంత చక్కగా కుదిరిన లెక్కను నేను అంతకుముందు చూడలేదు. సంతోషంతో కింద రెండు గీతలు కొట్టాను. ఈ పనిలో ఉన్నవాళ్ళకు నా మొదటి మాట ఇది: లెక్క మరీ చక్కగా కుదిరిందంటే, అందులోకి ఎవరో రాలేదని అర్థం.

మా అధికారి కృష్ణమూర్తి గారు కోస్తా నుంచి వచ్చినవారు. నిజాయితీపరులు, కష్టపడేవారు. ప్రారంభోత్సవాలంటే మాత్రం ఆయనకు చిన్నపిల్లల సరదా. నా కాగితం చూసి, "వృథా అయ్యేది వెలుగవుతుందన్నమాట. ఈ వాక్యం బోర్డు మీద రాయించమ్మాయ్," అన్నారు. రాయించాను. నీలం రంగు బోర్డు, తెల్ల అక్షరాలు.

డ్రమ్ము చేసినవాడు

డ్రమ్మును నల్గొండలో ఖాజా భాయ్ అనే వెల్డింగు మేస్త్రీ చేశాడు. నాకు ఈ పనిలో నిజం చెప్పిన మొదటి మనిషి అతనే. రేకు అతుకుతూ తల ఎత్తకుండా అడిగాడు.

"మేడం, దీన్ని ముంచేటి నీళ్ళు ఏ బాయియి?"

ఆ ఊరి బావివే అన్నాను.

"అయితే జర ఇనుండ్రి. మన నల్గొండ నీళ్ళు మనిషి పండ్లనే తింటయి. ఇనుమును ఇడుస్తయా? ఏడాదికోసారి పైకి తీసి, గీకి, రంగు ఎయ్యాలె. ఒక్క ఏడు తప్పినా తెల్వదు. రెండేండ్లు తప్పితే జల్లెడయితది."

"కమిటీ చూసుకుంటుంది."

"కమిటీ అంటే ఎవలు మేడం? పేరు చెప్పుండ్రి. పేరు లేనోడు బ్రష్షు పట్టడు."

నవ్వి ఊరుకున్నాను. పేరు రాయలేదు.

మొదటి మంట, పన్నెండు రాళ్ళు

1986 నవంబరు 9, ఆదివారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు మొదటి మంట వెలిగింది. కమిటీ పెద్దగా యాదగిరిని ఎన్నుకున్నారు. నలభై దాటినవాడు, గొర్రెల మంద, పద్దెనిమిది పశువులు, బావి కింద మూడెకరాలు. మాట గట్టిది గాని చెడ్డవాడు కాదు. అతని ఇంట్లో చాయ్ కాచి అందరికీ పోశారు. కృష్ణమూర్తి గారు రెండు కప్పులు తాగారు. ఆ ఊరి ఆడవాళ్ళు నాకు అప్పటికే గ్యాసమ్మ అని పేరు పెట్టేశారు.

మర్నాడు సోమవారం పొద్దున ఏడింటికి పేడ కలిపే తొట్టి దగ్గరకు పోయేసరికి నన్ను పట్టుకున్న ఆ మనిషి అక్కడ నిలబడి ఉంది. ఆమె పేరు లింగవ్వ అని అప్పటికి తెలుసు. కొంగుముడి విప్పి, గులకరాయి తీసి, తొట్టి అంచు మీద పెట్టింది.

"గిది నాది," అంది.

యాదగిరి నవ్వాడు. "ఏందవ్వా, తొట్టి నీదా? డ్రమ్ము గూడ ఎత్తుకపోతవా గంపల?"

"పెండ నాదయినంక అది పడ్డ తొట్టి నాది గాదా? నాలుగు రోజులసంది నీ జీతగాడు దారంట ముందుగాల పోతాండు. రాయి పెట్టినా ఎత్తుతాండు. ఏందిరా అంటే, ఇది వృథా పెండ, గ్యాసుకు రాసిండ్రు అంటాండు. ఎవలు రాసిండ్రు యాదగిరీ?"

యాదగిరి నా వైపు చూశాడు.

"వృథా అంటే ఏంది గ్యాసమ్మా?" అంది లింగవ్వ. తిట్టడానికి అడగలేదు. ఆ మాట నిజంగా ఆమెకు తెలియదు.

"ఎవరికీ పనికిరానిది," అన్నాను.

"గట్లనా," అంది. "మరి నేను ఎవలను?"

మంగళవారానికి తొట్టి అంచు మీద పన్నెండు రాళ్ళు ఉన్నాయి. పశువులు లేని ఇళ్ళు పన్నెండు.

రాయి అంటే ఏమిటో

పది నెలల ముందు చేయవలసిన పని అప్పుడు చేశాను. నవంబరు 12 నుంచి ఆరు రోజులు, కాటా సంచిలో పెట్టుకుని, లింగవ్వ వెంట నడిచాను.

అక్కడ పద్ధతి ఇది. పశువు ఎవరిదైనా సరే, దారి మీద, బీడు మీద పడిన పేడ మొదట రాయి పెట్టినవాళ్ళది. రాయి పెట్టి ముందుకు పోవచ్చు; పొద్దెక్కేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. పుల్ల చెల్లదు, గాలికి పోతుంది. ఆకు చెల్లదు. రాయే ఉండాలి. కొట్టంలో పడిందాని మీద రాయి పెట్టకూడదు. బాలింత ఉన్న ఇంటి ముందర పడింది ఆ ఇంటిదే. ఇవేవీ ఎక్కడా రాసిలేవు. తగాదా వస్తే తీర్చే పెద్దమనిషి కూడా లేడు, ఎందుకంటే తగాదా రాదు.

ఆ పేడతో లింగవ్వ పిడకలు చేసేది. సగం సొంత పొయ్యిలోకి, సగం రోడ్డు మీది చాయ్ హోటలుకు. బదులుగా జొన్నలు తెచ్చుకునేది. ఆమెకు భూమి లేదు, పశువు లేదు, భర్త పోయి తొమ్మిదేళ్ళు. కూలి దొరకని నెలల్లో ఆమె తిండి, ఆమె పొయ్యి, రెండూ ఆ దారి మీదే ఉండేవి. ఇంటి వెనక గోడ మీద పాత పిడకల అచ్చులు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికి ఐదు వేళ్ళ గుర్తు. కొత్తది ఒక్కటీ లేదు. జీతగాడు దారి ఎక్కిన రోజు నుంచి గోడ ఖాళీ.

నా అంచనా కూడా తప్పే. పన్నెండు మంది రాళ్ళు పెట్టిన పేడను జీతగాడు తొట్టికి తెచ్చాక తూస్తే 210 కాదు, ఆరు రోజుల సగటు 228 కిలోలు.

నేను చేసింది తేలిక భాషలో చెబితే ఇది: ఊళ్ళో అందరికంటే లేనివాళ్ళ పొయ్యిలోది తీసి, పందొమ్మిది ఇళ్ళవాళ్ళు స్నానానికి నీళ్ళు కాచుకోవడానికి ఇచ్చాను. పైగా బోర్డు రాయించాను.

కృష్ణమూర్తి గారి దగ్గరకు పోయి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"గులకరాళ్ళకి మన ఫారంలో గడి లేదమ్మాయ్."

"గీస్తాను సార్."

"గీస్తే పైవాళ్ళు అడుగుతారు, మొదట ఎందుకు గీయలేదని."

"అడగనివ్వండి."

ఆయన కోపగించుకోలేదు, ఒప్పుకోలేదు కూడా. "కమిటీ ఊరిదన్నాం కదా. ఊరు ఒప్పుకుంటే నేను సంతకం పెడతాను," అన్నారు. అప్పుడు తప్పించుకున్నారనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆయన చెప్పిందే సరి. తప్పు నాది కాబట్టి నేనే దిద్దేసి ఉంటే, అది మళ్ళీ నా కాగితమే అయ్యేది.

మూడు బిందెలు

ఊరు అంత తొందరగా ఒప్పుకోలేదు. పందొమ్మిది ఇళ్ళవాళ్ళను దారికి తెచ్చింది నా మాట కాదు, నీళ్ళు. అక్కడ కూడా తప్పు నాదే. నా ఫారంలో 'నీళ్ళు: బావి నుంచి' అని ఉంది. ఎవరు మోస్తారో లేదు. రోజుకు 954 కిలోల పేడకు అన్ని నీళ్ళు కావాలి. పదిహేను లీటర్ల బిందెతో అరవై మూడు బిందెలు. పశువులున్న ఇళ్ళ కోడళ్ళు నాలుగు నెలలు మోశారు. ఎండలు ముదిరాక తగ్గించారు. ముద్ద చిక్కబడి గొట్టం మూసుకుపోయింది. 1987 ఏప్రిల్ చివరికి డ్రమ్ము జానెడు కూడా లేవడం లేదు.

మే నెలలో కమిటీ కూర్చుంది, తొట్టి పక్కనే. పిలవకపోయినా పన్నెండు ఇళ్ళవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. రాళ్ళు అంచు మీద అలాగే ఉన్నాయి. తీసేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ ఊళ్ళో రాయిని తీయడమంటే దొంగతనమే కదా.

"నీళ్ళు మేం మోస్తం," అంది లింగవ్వ. "ఇంటికి అయిదు బిందెలు. దారి పెండ మేమే తెస్తం, జీతగాన్ని మందకు తోలుకో. గని మా పన్నెండిండ్లకు గొట్టం ఎయ్యాలె."

యాదగిరి నా వైపు తిరిగాడు. "మేడం, ముప్పై ఒక్క ఇండ్లకు సాలుతదా?"

లెక్క నా దగ్గర తయారుగా ఉంది. ఇంటికి రెండు గంటల నలభై నిమిషాలు వస్తుంది. రెండు పూటల వంటకు సరిపోతుంది. స్నానం నీళ్ళకు రాదు.

"అంటే మేం సన్నీళ్ళు పోసుకోవాల్నా?"

"నేను పుట్టినకాంచి సన్నీళ్ళే పోసుకుంటాన యాదగిరీ. సచ్చిన్నా ఏమన్న?" అంది లింగవ్వ. అందరూ నవ్వారు. యాదగిరి భార్య అందరికంటే ముందు నవ్వింది. నాలుగు నెలలు నీళ్ళు మోసింది ఆమె.

"ఇంకోటి," అంది లింగవ్వ. "చెవి మా కాడ ఉండాలె."

గ్యాసు వదిలే వాల్వును తిప్పడానికి, తాళంచెవి లాంటి ఇనుప చెవి ఉండేది. అది యాదగిరి మొలతాడుకు వేలాడేది. అతను ఎనిమిదింటికి తిప్పేవాడు, వాళ్ళింట్లో వంట అప్పుడే కాబట్టి. కూలికి పోయేవాళ్ళు ఆరింటికి ఇల్లు కదలాలి. మంట ఇచ్చినా ఎనిమిదింటికి ఇస్తే ఆ పన్నెండు ఇళ్ళలో దాన్ని చూసేవాళ్ళు ఉండరు. ఈ సంగతి నాకు తట్టలేదు. మంట ఎంతసేపు అన్నదే లెక్క వేశాను, ఏ టైముకు అన్నది వేయలేదు.

యాదగిరి చాలాసేపు మొలతాడు తడుముకున్నాడు. "నీళ్ళు అరవై మూడు బిందెలు గావాలె. పన్నెండయిదులు అరవయ్యే. మిగిలిన మూడు?"

"కమిటీ పెద్దవు నువ్వే గదా. నువ్వు మోయి."

ఈసారి నవ్వు ఆగడానికి కొంత టైము పట్టింది. అతను చెవి విప్పి తొట్టి మీద, రాళ్ళ పక్కన పెట్టాడు.

1987 జూన్ 14, ఆదివారం, ఉదయం ఐదు గంటల ముప్ఫై ఐదు నిమిషాలకు లింగవ్వ వాల్వు తిప్పింది. ముప్ఫై ఒక్క ఇళ్ళలో మంట వచ్చింది. యాదగిరి మూడు బిందెలు మోశాడు, ఆ ఒక్క రోజే కాదు, నేను చూసినన్ని రోజులూ. బోర్డు దింపించాను. కృష్ణమూర్తి గారు మారుమాట లేకుండా సంతకం పెట్టారు.

ఇది పూర్తి న్యాయమని నేను అనను. పశువులున్నవాళ్ళు కొట్టం ఊడ్చి తెస్తే సరిపోయింది. లేనివాళ్ళు దారి ఊడ్చి, నీళ్ళు కూడా మోశారు. మురిగిన పేడ, మంచి ఎరువు, భూములున్నవాళ్ళకే పోయింది. కాని వాల్వు ఏ టైముకు తిరగాలో నిర్ణయించేది ఎవరన్నదే అసలు ప్రశ్న అని నాకు అక్కడ తెలిసింది. మీ ఫారంలో గడులు ఎన్ని ఉన్నా, చెవి ఎవరి నడుముకు ఉందో చూసి రండి. చూసేందుకు ఒక్క నిమిషం చాలు.

తాళాలు

1989 ఆగస్టులో నన్ను మహబూబ్‌నగర్ వైపు వేశారు. అక్కడ ఒక ఊరికి జనవరిలో సర్వేకు పోయాను. ఇళ్ళు నలభై నాలుగు. ఈసారి పశువుల కంటే ముందు తాళాలు లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది ఇళ్ళకు తాళాలు. ఒక ముసలాయన అరుగు మీద ఉంటే అడిగాను.

"పనికి పోయిండ్రు బిడ్డా, కట్టలు పోసేకాడికి, కాల్వలు తవ్వేకాడికి. వానలకొస్తరు."

"పశువులు?"

"ఉన్నయి. పెండ గూడ ఉన్నది. తినేటోళ్ళే లేరు."

అక్కడ కట్టవద్దని రాశాను. పైవాళ్ళకు నచ్చలేదు. నా పద్నాలుగేళ్ళలో చేసిన మంచి పనుల్లో, కట్టకుండా ఆపిన ఆ ఒక్కదాన్ని కూడా లెక్కవేస్తాను. తర్వాత ఏ ఊరికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే అడిగేదాన్ని: "ఇది ఎవరిది అంటారు మీరు?" పేడైనా, బీడైనా, ఎండిన కంప అయినా. ఎవరిదీ కాదు అన్న జవాబు ఒక్కసారి కూడా రాలేదు.

తిరిగి పోయిన రోజు

1994 ఫిబ్రవరి 18, శుక్రవారం, పొద్దున ఏడు దాటాక మళ్ళీ ఆ దారి మీద నిలబడ్డాను. గ్యాసు ఆగిందని ఖాజా భాయ్ కబురు చేస్తే పోయాను. ఐదేళ్ళుగా డ్రమ్ముకు రంగు వేయలేదు. 1988లో నా ఎదుట వేశారు. 1989లో నేనే లేను. తర్వాత, కమిటీ చూసుకుంటుందని అందరూ అనుకున్నారు. ఖాజా చెప్పినట్టే జల్లెడ అయింది. అప్పటికే రెండేళ్ళు వానలు సరిగా లేవు. బోర్లు పడ్డాక బావి అడుగంటింది, మేత లేక పశువులను అమ్ముకున్నారు, దుక్కికి ట్రాక్టరు వచ్చింది. డ్రమ్ము బాగు చేసినా అందులో పోయడానికి ఏమీ లేదు.

దారి మీద లింగవ్వ కనిపించింది. వంగిపోయింది. చంకలో అదే రకం గంప. ముందు ఒక ఆవు పేడ వేసింది. లింగవ్వ మెల్లగా పోయి, కొంగుముడి విప్పి, రాయి పెట్టి, ముందు పోతున్న ఇంకో ఆవు వైపు నడిచింది.

ఎదురుగా ఒక కొత్త కోడలు తట్టతో వచ్చింది. వంగి, రాయిని రెండు వేళ్ళతో తీసి పక్కకు వేసి, పేడ ఎత్తుకుంది.

"అమ్మాయీ, రాయి చూడలేదా?" అన్నాను.

"సూసిన. చేతికి గుచ్చుకుంటదని తీసేసిన," అంది. అబద్ధం కాదు. ఆమె ఆ ఊరికి వచ్చి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో రాయి పెట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు. తట్టలన్నీ తొట్టికే పోయేవి. ఎవరూ ఆమెకు చెప్పలేదు.

లింగవ్వ తిరిగి వచ్చి ఖాళీ చోటు చూసింది. నన్ను గుర్తుపట్టింది.

"గ్యాసమ్మా, గిప్పుడు రాయంటే రాయే."

"నా పుస్తకంలో రాశాను అవ్వా. ఆ పద్ధతంతా ఉంది."

"ఉంటే ఏం జేసుకోను? పొయ్యిల పెట్టాల్నా?" అంది. నవ్వింది కూడా. తర్వాత ఆ రాయిని వెతుక్కుని, తుడిచి, కొంగున కట్టుకుంది.

1986లో నేను చేసిన తప్పు ఆమె హక్కును ఆమెకు తెలియకుండా తీసుకోవడం. అది దిద్దుకున్నాం. 1987లో చేసిన తప్పు నాకు అప్పుడు తప్పుగా కనిపించలేదు. దారి మీది హక్కును కమిటీలోకి మార్చాం. దారికి రంగు వేయనక్కర లేదు, నీళ్ళు పోయనక్కర లేదు, పశువు ఒక్కటి మిగిలినా అది నడిచేది. కమిటీ ఆగిపోయినప్పుడు మంటా, హక్కూ రెండూ పోయాయి. కొత్తది తేవడానికి ముందు, అది ఆగిపోతే పాతదానికి తిరిగి పోయే దారి ఉందా అని అడగండి. నేను అడగలేదు.

ఇప్పుడు సోలార్ పలకలు వేయడానికి జాగాలు చూసే పిల్లలు నాకు కాగితాలు చూపిస్తారు. గొర్లు మేసే బీడుకు ఎదురుగా 'బంజరు' అని రాసి ఉంటుంది. ఎండను అందరికీ పంచాలన్న వాళ్ళ ఆశ మీద నాకు అనుమానం లేదు. ఆ గడి మీద ఉంది. అది చూపించి ఒక్క మాటే అంటాను: పొద్దున ఏడింటికి అక్కడికి పోయి, ఎవరు వచ్చి మీ మణికట్టు పట్టుకుంటారో చూడండి.

ఆ ఒక్క ఊళ్ళో, 1986 నుంచి 1994 వరకు, పోయినవి:

పశువులు, 124లో 83.
నీళ్ళున్న బావి, ఒకటి.
డ్రమ్ము, ఒకటి.
మంటలు, 31.
రాయి పెట్టుకునే హక్కు, పన్నెండు ఇళ్ళకు.